పసుపు ముక్కు కొంగ

నేను ఒక శుభలేఖని. చూడ్డానికి మాత్రం కొంగని. నవ్వకండి, చెబుతాను.

కాకినాడలో ఒక ప్రెస్సులో పుట్టాను. పల్చగా, నలుచదరంగా, గులాబీ రంగులో ఉండేదాన్ని. సత్యంగారి పెద్దమ్మాయి పెళ్లికి మమ్మల్ని అచ్చువేయించారు. నా తోటివాళ్లందరూ చుట్టాల ఇళ్లకు వెళ్లిపోయారు. నన్ను మాత్రం సత్యంగారి అక్క వరహాలమ్మగారి కోసం ఆపారు. ఆవిడ అలకలో ఆరితేరిన మనిషి. మొన్నామధ్య ఎవరో శుభలేఖ ఫోన్లో పంపారని ఆ పెళ్లికి భోజనానికైనా వెళ్లలేదట. అందుకే నా నాలుగు మూలలకూ శ్రద్ధగా పసుపు రాసి బల్లమీద ఆరబెట్టారు.

చిన్నమ్మాయి హిమజకు జపాన్ పిచ్చి. పొద్దస్తమానం యానిమే అనే జపాన్ బొమ్మల సినిమాలు చూస్తుంది, పప్పన్నం పుల్లలతో తింటానని పేచీ పెడుతుంది, కంటపడ్డ కాగితాన్నల్లా కొంగగా మడిచేస్తుంది. పెళ్లికొడుకు పేరు తప్పుపడ్డ కార్డులు తీసుకోమని అమ్మ చెబితే, నన్నూ వాటిలో కలిపేసుకుంది. పసుపు చూడలేదా అంటే, చూసింది! ముక్కు, తోక, రెక్కల కొసలు పచ్చగా వస్తాయని మురిసిపోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను.

సత్యంగారు బయల్దేరేటప్పుడు సంగతి బయటపడింది. మంచి కార్డు ఇంకొక్కటి లేదు. అక్క గనక అలిగితే వైజాగ్‌లో జరిగే యానిమే పండగ మాట మరిచిపొమ్మన్నారు. అక్కడికి అందరూ ఆ బొమ్మల్లోని పాత్రల వేషాలేసుకుని వస్తారు; పాపం, దానికోసం హిమజ ఏడాదిగా వేషం కుట్టుకుంటోంది. కళ్లనీళ్లు ఆపుకుంటూ, నన్ను పట్టుకుని తండ్రి వెంట సామర్లకోట వచ్చింది.

గుమ్మంలోనే కంగారుకొద్దీ జపాన్‌వాళ్లలా నడుం వంచింది. కాళ్లకు దణ్ణం పెడుతోందనుకుని వరహాలమ్మగారు దీవించేశారు. తర్వాత శుభలేఖ ఏదన్నారు.

“ఇదే అత్తా. తెలీక మడిచేశాను. విప్పనా?” అంటూ హిమజ నన్ను ఆవిడ అరచేతిలో పెట్టింది.

ఆవిడ నా తోక లాగారు. ఉన్న శక్తంతా కూడదీసుకుని రెక్కలాడించాను.

“ఇలాంటిది ఇంకెవరికిచ్చారే?”

“నీ ఒక్కదానికే.”

“అయితే విప్పకు. ముహూర్తం నోటితో చెప్పు.”

సత్యంగారు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో ఆవిడ, పిల్ల కళ్లెందుకు ఎర్రబడ్డాయని ఆరా తీశారు. వైజాగ్ సంగతి విని తమ్ముడి వైపు తిరిగారు.

“దాన్ని పంపరా. పంపకపోతే పెళ్లికి రాను.”

సత్యంగారు గబగబా తలూపేశారు.

ఇప్పుడు ఆవిడ అద్దాల బీరువాలో ఉంటున్నాను. వచ్చినవాళ్లందరి ముందూ నా తోక లాగి చూపిస్తారు. నన్ను చదవకుండానే పెళ్లికి అందరికన్నా ముందెళ్లారు. ఆనక పట్టుచీర కట్టుకుని, ముక్కుకు అటూ ఇటూ పుడకలతో, హిమజ వెంట వైజాగ్ కూడా వెళ్లొచ్చారు. అక్కడ పిల్లలంతా ఆవిడదీ వేషమే అనుకుని, వరసకట్టి ఫోటోలు దిగారట.