ఫింటన్ మాస్టారి కట్టుడు పళ్ళు

ఐర్లండ్‌లోని క్లేర్ ప్రాంతంలో, కిల్‌బ్రాక్ ఊరి చుట్టుపక్కల ఫ్లూటు పట్టిన ప్రతివాడూ ఒకప్పుడు ఫింటన్ కాన్సిడైన్ శిష్యుడే. మంగళవారం సాయంత్రాలు చర్చి హాల్లో ఆయన పాఠం చెప్పేవాడు. పాఠమంటే, తనొకసారి వాయించి చూపి, "ఊదు, అదే వస్తుంది" అనడం. రానివాళ్ళని డాన్సు క్లాసుకి పంపమని తల్లులకి సలహా ఇచ్చేవాడు. తనకి ఏడేళ్ళప్పుడు అదే వచ్చింది మరి.

అరవై దాటాక చిగుళ్ళు పాడయ్యాయి. ఎన్నిస్‌లో పళ్ళ డాక్టరు పైవరసంతా పీకి కట్టుడు పళ్ళు పెట్టాడు. ఆ శనివారం, వాద్యగాళ్ళంతా చేరి వాయించే టాల్టీ పబ్బులో ఫింటన్ ఎప్పటిలా పొయ్యి పక్కన కూర్చుని ఫ్లూటు పెదవికి ఆనించాడు. గాలి వచ్చింది. గాలి తప్ప ఇంకేమీ రాలేదు. తోటివాళ్ళు మర్యాదస్తులు కాబట్టి కాస్త గట్టిగా వాయించి కప్పెట్టారు. ఫిడేలు వాయించే మాసీ మాత్రం కమాను దించి, "ఆ కిటికీ మూయండర్రా, ఈదురుగాలి కొడుతోంది" అన్నాడు. అందరికంటే పెద్దగా ఫింటనే నవ్వాడు. సంగీతం పోతే పోయింది, సూపు చల్లార్చుకోవడానికి ఇక ఢోకా లేదన్నాడు. ఎదుటివాళ్ళు అనేలోపు తనే అనేసుకుంటే నొప్పి తక్కువని ఆయన నమ్మకం.

ఇంట్లో మాత్రం నవ్వు రాలేదు. పక్కగదిలోంచి ఆ బుసలు వినీ వినీ, భార్య నోరీన్ బంగాళదుంపలు ఒలుస్తూ, పాత శిష్యురాలు డింప్నాని అడిగి చూడమంది.

డింప్నా హెహిర్‌ని డాన్సుకి పంపమన్నది ఈయనే. ఆ పిల్ల వెళ్ళలేదు. మొండిగా నేర్చుకుని ఇప్పుడు పక్క ఊళ్ళో పాఠాలు చెబుతోంది. ఈయన శిష్యుల్లో సగంమంది అటే వెళ్ళిపోయారు. ఆ ఊరి రోడ్డు బాగుంటుంది, అందుకేనని ఆయన చెప్పుకునేవాడు.

కొన్ని వారాలు తాత్సారం చేసి, చివరికి వెళ్ళాడు. డింప్నా టీ ఇచ్చింది. ఫ్లూటు విప్పి, ఊదే ముక్క ఒక్కటే చేతికిచ్చి అద్దం ముందు కూర్చోబెట్టింది.

"పెదాలు ఎలా పెట్టేవారు మాస్టారూ?"

ఫింటన్ ఆలోచించాడు. "ఏమో. ఎప్పుడూ చూసుకోలేదు."

"నేను చూశాను. రెండేళ్ళు మీ మూతి తప్ప ఇంకేం చూడలేదు నేను."

ఆమె కింది పెదవి కాస్త ఎడమకి లాగి, ముడిచి చూపించింది. తన విద్య అనుకున్నదంతా ఇంకొకరి ముఖం మీద చూసి ఆయన బిత్తరపోయాడు.

"ఇంత వికారంగా ఉండేదా?"

"ఇంతకంటే. వినడానికి మాత్రం బాగుండేది."

చలికాలమంతా తన మూతిని తనే కాపీ కొట్టాడు. సన్నగా ఒక స్వరం వచ్చిన రోజున కళ్ళు తుడుచుకుని, పొగ అన్నాడు. డింప్నా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఆపైన మంగళవారాలు, ఎవరి మూతి వాళ్ళు చూసుకోవడానికి నోరీన్ చేతి అద్దం హాల్లో పిల్లల చేతులు మారింది. మాస్టారు ఈ వయసులో పాఠం చెప్పడం మొదలెట్టారని తల్లులు అనుకుంటున్నారట. ఆ మాట ఊరంతా మోసింది ఆయనే.

వేసవి మొదట్లో టాల్టీ పబ్బుకి మళ్ళీ వెళ్ళాడు. రెండు పాటలు నిలబెట్టాడు. మూడోదాంట్లో పళ్ళు జారాయి. బొటనవేలితో పైకి నొక్కుకుని, వేరే పాటలోకి వచ్చి పడ్డాడు. తోటివాళ్ళు చచ్చినట్టు ఆ పాటలోకే మళ్ళారు.

మర్నాడు దవడకి కాపడం పెడుతూ నోరీన్ ఇక చాలించమంది. అప్పటికే పళ్ళు తీసి గిన్నెలో వేసిన ఫింటన్ దానికేదో పొడుగాటి జవాబు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదామెకి.