అడగకుండా ఆపే బొమ్మ

పొద్దున్నుంచీ ఆకాశం మూసుకునే ఉంది. కురవదు, తెరిపివ్వదు. వదిన గదిలో లైటు వేసుకుని కంప్యూటర్లో తివాచీ నమూనాకు రంగులు నింపుతోంది. ఎవరో గీసినవే నేసిన ఆ ఇంట్లో ఇది మొదటి సొంత నమూనా. సాయంత్రం వ్యాపారి వచ్చి చూస్తానన్నాడు. పక్క షెడ్డులో అన్న మగ్గానికి పోగులు బిగిస్తున్నాడు.

కంప్యూటర్లు బాగుచేసే మరిది వస్తూనే పెట్టె మీద చెయ్యేశాడు.

"ఇదేంటి వదినా, పొయ్యిలా కాలుతోంది! ఎప్పుడైనా ఆపుతావా?"

"రోజూ ఆపుతాగా. తెర ఆర్పేసే పడుకుంటా."

"తెర ఆర్పితే ఆగినట్టేనా? కళ్ళు మూసుకుంటే నిద్రపోయినట్టా?"

"మీ అన్నయ్య అంతేగా, పని చెప్పగానే మూస్తాడు. అసలు దీన్ని ఆపబోతే ఇంగ్లీషులో ఏదో అడుగుతుందయ్యా. భయమేసి వదిలేస్తా."

"ఇక అడగదులే. నాకొదిలెయ్."

వదిన పొయ్యి మీద కూర చూడటానికి వెళ్ళింది. మరిది డెస్క్‌టాప్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి కొత్త షార్ట్‌కట్ తెరిచాడు. కంప్యూటరును ఆపే ఆదేశం టైపు చేసి, తెరిచున్నవన్నీ ఏమీ అడగకుండా మూసెయ్యమని చివర ఇంకో అక్షరం చేర్చాడు. దానికి ఎర్ర బొమ్మ పెట్టి 'ఆపు' అని పేరు రాశాడు.

"వదినా, ఇలా రా. దీని మీద రెండుసార్లు నొక్కు, అంతే."

తడిచేతులు తుడుచుకుని నొక్కింది. తెర నల్లబడింది. లోపలి ఫ్యాను హోరు ఆగింది.

"భలే ఉందయ్యా!" చిన్నపిల్లలా నవ్వింది. "సరే, మళ్ళీ పెట్టు. అంచు ఒక్కటే మిగిలింది."

పెట్టాడు. నమూనా తెరవబోతే తెల్లటి గళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఎక్కడ సేవ్ చేశావు వదినా?"

"సేవ్ చెయ్యడమేంటి? నువ్వు తెరిచిచ్చిన రోజు నుంచీ అలాగే ఉంచాగా."

ఆపకపోవడమే ఆమె దాచుకోవడం. మరిది తనకు తెలిసిన చోట్లన్నీ వెతికాడు. ఏ మూలా దొరకలేదు.

"పోనీలే, నీకేం తెలుసు," అంది వదిన. తిట్టినా బాగుండేది.

లేచే ముందు ఆ ఎర్ర బొమ్మను తీసెయ్యబోయాడు. నిజంగా తీసెయ్యాలా అని అడిగింది కంప్యూటరు.

అన్న షెడ్డులోంచి వచ్చాడు. "అయిందా నమూనా?"

"నా వల్ల పోయిందన్నయ్యా. మొత్తం."

అన్న తలుపులోంచి, బిగించి ఉన్న పోగుల వైపు కాసేపు చూశాడు. చేతులు కడుక్కున్నాడు. వదిన మూడు కంచాలు పెట్టింది. ఎప్పటిలాగే ముందు మరిదికే వడ్డించింది. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.