బొమ్మకు గొంతు

ఈ బొమ్మకు దుప్పటి కూడా తనే కప్పాలట, రేపు తల దువ్వి జడ వేయమంటారేమో, అనుకుంటూ భార్గవి అద్దాల గది తలుపు వేసుకుని మైకు ముందు కూర్చుంది, అద్దానికి అవతల మంచం మీద రబ్బరు ముసలమ్మ నోరు తెరుచుకుని పడి ఉంది, దాని గొంతులో స్పీకరు, ఆయాసం రోగిలా ఇక్కణ్ణుంచి భార్గవి మూలగాలి, నర్సింగ్ పిల్లలు వచ్చి వైద్యం చేయాలి, తెర మీద మార్కులు పడాలి, పక్కనున్న ప్రాణం అంకె సున్నాకు దిగితే బొమ్మ చచ్చినట్టు, దీనికి ప్రిన్సిపాల్ శ్రీనివాసులు పెట్టిన పేరు ఆట, కాలం మారిపాయ మేడమ్, ఆడిస్తా నేర్పించాల అంటాడు, రోగి నాడి పట్టి ఎన్నేళ్ళయిందో మహానుభావుడు, పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల దాకా నిలబడి వచ్చింది ఇందుకా, అన్నేళ్ళు వార్డుల్లో తిరిగి ట్యూటరైన మనిషి రబ్బరు గొంతుతో దగ్గడానికా, మొదట వచ్చిన అభిలాష్ గుడికొచ్చినట్టు బొమ్మకు దండం పెట్టాడు, మాస్కు తలకిందులుగా తగిలించాడు, భార్గవి బొమ్మను చంపేసింది, మీట నొక్కితే చాలు, వర్షిణి బొమ్మ వంకే చూడకుండా మానిటర్‌తో కాపురం చేసింది, అప్పుడూ చంపేసింది, వరండాలో నవ్వులు, మేడమ్ ఈపొద్దు ఎవుర్నీ బతకనీదప్పా, నవ్వండి, రేపు నిజం మనిషి పోతే మళ్ళీ మొదలుపెట్టే మీట ఉంటుందా, ఇప్పుడు జెస్సికా, రుద్రవరం పిల్ల, స్టెతస్కోపు పట్టుకున్న చేతులు అప్పుడే వణుకుతున్నాయి, ఈమె నిలబడేది రెండు నిమిషాలు, నువ్వేం నర్సువే, చేతులు వణుకుతాండాయి, పెద్ద నర్సమ్మను పిల్చుకోని రాపో, అని మైకులో కసిరింది, ఏడుస్తుందేమోనని చూసింది, ఏడవలేదు, తల కింద దిండు ఎత్తు చేసింది, మాస్కు పెట్టింది, ఆక్సిజన్ తిప్పడం మాత్రం మరిచింది, ఇదీ వీళ్ళ చదువు, భార్గవి వేలు మీట మీదికి పోయింది, అంతలో ఆ పిల్ల మంచం పక్కన వంగి రబ్బరు చెయ్యి పట్టుకుని, అవ్వా, నీకు తోడు ఎవురొచ్చినారు, అంది.

ఏందీ ప్రశ్న, రాసిచ్చిన దాంట్లో లేదే, దీనికి మార్కులే లేవే, ఎవురూ రాలే, అని భార్గవి నోరు దానంతటదే అనేసింది, అన్నాక తెలిసింది అది ముసలమ్మ గొంతు కాదని, మొన్న ఎండాకాలం తన గర్భసంచి తీసినప్పుడు ఆళ్లగడ్డ ఆసుపత్రిలో ఒక్కతే పడుకుంది, నువ్వు రావద్దులే, నేనే నర్సును, నాకేం భయం, అని భర్త సురేష్‌కు తనే చెప్పింది, అతను నిజంగానే రాలేదు, అక్కడి నర్సులు బీపీ చూశారు, సెలైన్ మార్చారు, కుట్లు చూశారు, ఒక్క తప్పు చేయలేదు, ఎంత పనిమంతులని తనే మెచ్చుకుంది, మరి ఇంటికొచ్చినప్పటి నుంచి ఎవరిని చూసినా ఒళ్ళు మండుతుందెందుకు, సురేష్‌ను, శ్రీనివాసులును, ఈ పిల్లలను, ఆఖరికి రబ్బరు బొమ్మను, నేనుండాను లే అవ్వా, యాడికీ పోను, అంటోంది జెస్సికా, తెర మీద అంకె పడిపోతూనే ఉంది, గాలి రాలే పాపా, ఆ సిలిండరు తిప్పినావా చూడు, అంది భార్గవి, రోగి అలా అందించకూడదని నియమం, పోనీ, పిల్ల ఉలిక్కిపడి తిప్పింది, అంకె మెల్లగా పైకి లేచింది, అద్దం ఇవతల భార్గవి మీట మీంచి వేలు తీసేసి కళ్ళు తుడుచుకుంది, ఆసుపత్రిలో తలుపు చప్పుడైనప్పుడల్లా తను తల తిప్పి చూసింది తోడు ఎవరొచ్చారని ఎవరైనా అడుగుతారనే.