పదకొండు సెకన్ల మొగుడు

తెల్లారగానే యమున ముందు చేసే పని ఇసక మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టడం. ఆ తరవాత చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటుంది. చీర చెంగుకి తడి లేకుండా తుడుచుకుని, గూట్లోంచి అరచేతిలో పట్టేంత వెండిరంగు మిషను తీసి, చెవుల్లో తీగలు పెట్టుకుని మొగుడి గొంతు వింటుంది. పదకొండు సెకన్లు. అయిపోగానే మిషన్ని పాత జాకెట్టు గుడ్డలో చుట్టి మళ్ళీ గూట్లో పెట్టేస్తుంది.

పక్కింటి మరిడమ్మ పళ్ళు తోముకుంటూ అడుగుతుంది.

"ఏటప్పా, ఇయాల గంగులెలాగున్నాడు?"

"జలుబు సేసినట్టున్నాది. ముక్కుతో మాటాడతన్నాడు."

"మందేసుకున్నాడో నేదో."

"ఏసుకుంటాడు. ఏసేవోలున్నారు కదా."

గంగులు ఊరొదిలి పంతొమ్మిదేళ్ళయింది. అతని గొంతు డిస్కులోకి ఎక్కిందీ ఆ రోజునే. అప్పుడు పట్టిన గొంతుకి ఇప్పుడు జలుబు ఎలా చేస్తుందని భావనపాడు దగ్గరున్న ఆ పల్లెలో ఎవరూ అడగరు. మనిషి బతికున్నాడు కాబట్టి గొంతూ బతికుంది. మనిషితో పాటే ముదురుతోంది. సముద్రానికి పోటూ పాటూ ఎందుకని ఎవరైనా అడుగుతారా?

గంగులు సింగపూరులో ఓడలు బాగుచేసే యార్డులో రెండేళ్ళు చేసి వచ్చాడు. తోటివాళ్ళు బంగారమూ, సెంటుసీసాలూ తెచ్చుకుంటే ఇతను ఎవరో వాడి వదిలేసిన మినీడిస్కు మిషనూ, దానికి చిన్న మైకూ, రెండు బుల్లి స్పీకర్లూ తెచ్చాడు. డిస్కులు మూడే. ఒక్కొక్కటీ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఓ మూలన చిన్న రేకు తలుపు, లోపల ఇంద్రధనస్సు రంగుల బిళ్ళ. మైకు తీగ చొక్కాకి తగిలించుకుని గంగులు ఊరంతా తిరిగేవాడు. అలల హోరు పట్టాడు, బోటు ఇంజిను పట్టాడు, రేవులో చేపల వేలంపాట పట్టాడు. చుట్టూ మూగిన పిల్లల్ని వరసగా నిలబెట్టి పేర్లు చెప్పించి పట్టాడు. యమున తనని తిట్టే తిట్లు కూడా పట్టాడు. డిస్కు నిండితే పాతది చెరిపి కొత్తది పట్టాలి. ఓసారి యమున తిట్లు చెరిపి దాని మీద ఇంజిను చప్పుడు పట్టాడని ఆమె రెండురోజులు అతనితో మాట్లాడలేదు.

తరవాత సింగపూరు పని మళ్ళీ దొరకలేదు. అందరిలాగే గుజరాతు వైపు, వెరావల్ బోట్లకి బయల్దేరాడు. వెళ్ళే రోజు పొద్దున మైకు పనిచేస్తోందో లేదో చూద్దామని నోటికొచ్చింది అన్నాడు.

"హలో, హలో. యమునా, మబ్బు కమ్మీసినాది, ఎండుసేపలు లోపలెట్టీ. నాను రేవుకెల్లొస్తాను."

అని, డిస్కు అంచునున్న చిన్న మీటని గోరుతో పక్కకి జరిపాడు. "ఇంక దీన్నెవలూ సెరపనేరు," అన్నాడు. అప్పుడు యమునకి ఇరవై మూడేళ్ళు.

అయిదో నెలలో బోటు మునిగింది. ఈ పల్లెకీ చుట్టుపక్కలకీ చెందినవాళ్ళు ఆరుగురు అందులో ఉన్నారు. రెండు శవాలు దొరికాయి, మిగతావి దొరకలేదు. ఆరుగురికీ పదోరోజు ఒక్కసారే చేద్దామన్నారు. ఆడవాళ్ళు గాజులు తియ్యడానికి వచ్చినప్పుడు, ఒక్కసారి గొంతు వింటానని యమున బతిమాలింది. స్పీకర్లు తగిలించి మీట నొక్కారు.

"హలో, హలో," అంది గొంతు. తరవాత దగ్గింది. మొదట పట్టినప్పుడు ఆ దగ్గు లేదు. ఉప్పునీళ్ళు మింగినవాడి దగ్గు.

కులపెద్ద కూర్మయ్య చెయ్యెత్తి ఆడవాళ్ళని ఆపాడు.

"ఆగండి. బతికున్నోడికి కర్మ సెయ్యకూడదు."

యమున ఆనందంతో నేల మీద పడి ఏడ్చింది. మిగతా అయిదుగురు ఆడవాళ్ళూ ఆమెను చూసి కుళ్ళుకున్నారు.

ఏడాది గడిచింది. గంగులు రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. గొంతు మాత్రం బాగుపడింది. దగ్గు పోయింది, కాస్త నిండుదనం వచ్చింది. రెండో ఏడు కొవ్వు పట్టినట్టు బరువెక్కింది. ఊళ్ళో ఆడవాళ్ళు తమ మొగుళ్ళు పనులకి వెళ్ళేముందు గొంతు పట్టి పెట్టమని వచ్చి అడిగారు. యమున ఎవరికీ పట్టలేదు. "మీకెందుకర్రా ఈ గొడవ," అని పంపేసింది. అప్పటికి ఆ అయిదుగురిలో ముగ్గురు మారుమనువు చేసుకున్నారు. ఒకావిడ కడుపుతో కూడా ఉంది.

మిషనుకి చూయింగ్‌గమ్ ముక్కలాంటి పల్చటి బ్యాటరీ ఉండేది. అది ఉబ్బిపోయింది. కోటబొమ్మాళిలో రేడియోలూ, ఫోన్లూ బాగుచేసే గణపతిరావు దగ్గరకి తీసుకెళ్ళింది. అతనూ వీళ్ళ కులమే. తండ్రి కాలంలోనే సముద్రం వదిలేసి అక్కడ స్థిరపడ్డారు. అలాంటి మిషను అతను ఎప్పుడూ చూడలేదు. అయినా పక్కన పెన్సిల్ సెల్లు పట్టేలా ఓ చిన్న డబ్బీ చేసి తగిలించాడు. ఆరునెలలకోసారి లెన్సుని దూదితో తుడిచిపెట్టేవాడు. బాగయిందో లేదో తెలియాలంటే వినాలి. విన్న ప్రతిసారీ గంగులే పలికేవాడు. అలా ఆమె మొగుడి గొంతు వింటూ వింటూనే గణపతిరావు ఆమె మీద మనసు పడ్డాడు. నాలుగేళ్ళకి గానీ నోరు విప్పలేదు.

"నీకిష్టమైతే నాను పెద్దల్నడుగుతాను," అన్నాడు.

"అడుగు బావా," అంది యమున. అప్పటిదాకా ఆమె అతన్ని ఏ వరసతోనూ పిలవలేదు.

పెద్దలు కూర్చున్నారు. గణపతిరావు చేసిచ్చిన డబ్బీతోనే, అతను తుడిచిన లెన్సుతోనే మిషను పలికింది. గంగులు గొంతు ఖణేల్మంది.

"ఇన్నారా? దున్నపోతులాగున్నాడు," అన్నాడు కూర్మయ్య. "మొగుడు బతికుండగా మారుమనువేటి? కట్టు తప్పితే రేపు ఎవలి పెల్లాం ఎవలికుంటాది?"

తిరిగి వెళ్తూ గణపతిరావు దారిలో ఆగాడు.

"లెన్సు మీద గోరుతో ఒక్క గీత గీస్తే సాలు. మరి పలకదు."

"అందరూ ఇనీసినారు బావా. మిషను సచ్చింది, మొగుడు సావలేదంతారు."

ఆ తరవాత మూడేళ్ళకి, వర్షాకాలంలో ఓ పొద్దున యమున చెవిలో కొత్త చప్పుడు వినిపించింది. "ఎండుసేపలు లోపలెట్టీ" అన్న మాట వెనక చిన్నపిల్ల నవ్వింది. నవ్వి, "పప్పా" అంది. ఆమె ఆ పదకొండు సెకన్లూ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. సెల్లు అయిపోయేదాకా వింది. ఎండబెట్టిన చేపల మీద వాన పడి అన్నీ కుళ్ళిపోయాయి.

ఏడుపు ఆగాక ఆమెకి ఒక ఆశ పుట్టింది. ఇంక పెద్దలు కాదనలేరు. గణపతిరావుకి కబురు పెట్టింది. మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ స్పీకర్లు పెట్టారు. పిల్ల నవ్వు అందరూ విన్నారు. కొందరు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కూర్మయ్య చాలాసేపు గెడ్డం గోక్కున్నాడు.

"మొగోడు ఒడ్డు మార్సినాడు. అయితే ఏటైనాది? పడవ ఎన్ని ఒడ్లకెల్లినా సొంత రేవుకి రాక మానదు. రేవు కదిలిపోతే పడవ ఎక్కడికొస్తాది తల్లీ? నువ్వుండాల."

యమున ఉండిపోయింది. గణపతిరావు ఆ వచ్చిన మాఘంలో రాణి అనే టెక్కలి పిల్లని చేసుకున్నాడు. తల్లి మంచం పట్టిందనీ, ఇంట్లో ఆడదిక్కు లేదనీ చెప్పాడు. అబద్ధం కాదు. యమున పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి వచ్చింది. మిషను పాడైతే ఇప్పటికీ అతని దగ్గరకే వెళ్తుంది. అతను బాగుచేసి ఆమె చేతికిస్తాడు గానీ విని చూడడు. "నువ్వే సూసుకో," అంటాడు.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు. కిందటి కార్తీకమాసంలో ఓ మధ్యాహ్నం కూర్మయ్య యమున ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గుమ్మం తొక్కింది అదే మొదటిసారి. డెబ్బై అయిదు దాటి నడుం వంగింది. వెంట మనవరాలు అనిత ఉంది. అనిత మొగుడు వెంకీ రెండేళ్ళ కిందట మంగళూరు బోట్లకి వెళ్ళాడు. మూడో నెలలో బోటు మీంచి జారిపడ్డాడని తోటివాళ్ళు ఫోను చేశారు. శవం దొరకలేదు.

కూర్మయ్య గట్టు మీద కూర్చుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"సిన్నప్పుడు గంగులు ఈ గుంటల గొంతులన్నీ పట్టినాడంట కదా. అందులో వెంకీది కూడా ఉన్నాదని వాడే పెల్లానికి సెప్పినాడంట. నిజవేనా?"

"ఉన్నాది మావా. రెండో డిస్కులో."

"ఓపాలి ఇను తల్లీ. విశాఖపట్నం సంబంధం వచ్చినాది. పోర్టులో ఉద్యోగం. వెంకీ నేడని మనం తేల్సితే మాగంలో సేసుకుంటావన్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "సముద్రంలో పడినోడు రెండేల్లుంటాడేటి? ఉండడు. అయినా ఓపాలి ఇను. సరిగ్గా ఇను."

"స్పీకర్లలో ఏసీమంటావా, నా మొగుడిది ఏసినట్టు? అందర్నీ పిలుద్దారి."

"వొద్దొద్దు," అన్నాడు కూర్మయ్య కంగారుగా. "సెవిలోనే ఎట్టుకో. నీ మాట సాలు."

యమున ఆయన్ని ఓ క్షణం చూసింది. తరవాత అనితను లోపలికి రమ్మని తలుపు దగ్గరగా వేసింది.

రెండో డిస్కు ఏళ్ళ తరబడి కదల్చలేదు. లోపల పెట్టగానే గిర్రుమని తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగింది. పిల్లలు ఒక్కొక్కరే పలికారు. ఇప్పుడు పిల్లలు కారు, అందరివీ మీసాలొచ్చిన గొంతులు. మిషను లెక్కన ఏడో పాటకి వెంకీ వచ్చాడు. "నా పేరు వెంకీ. నాను పెద్దయ్యాక ఓడకి కెప్టెన్నవుతాను." ఎనిమిదేళ్ళ పిల్లాడు అన్న మాట నిండు మగగొంతులో వచ్చింది. దగ్గు లేదు, బొంగురు లేదు. కడుపునిండా తిని, కాలు చాపుకుని కూర్చున్నవాడి గొంతు.

యమునకి గట్టు మీది ముసలాయన దగ్గు వినిపిస్తోంది. ఒక్క మాట చాలు. బతికున్నాడు మావా, నీ మనవరాలూ రేవులాగుండాల. అది నిజం కూడా. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా దాచుకున్న చేదంతా దాని వెనకే వచ్చింది.

తలెత్తితే అనిత కనిపించింది. ఇరవై మూడేళ్ళుంటాయి. మెడలో పుస్తెల తాడుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

యమున తీగలు తీసి ఆ పిల్ల చెవుల్లో పెట్టింది. మీట నొక్కింది.

అనిత కదలకుండా వింది. మళ్ళీ పెట్టమని వేలితో సైగ చేసింది. మళ్ళీ వింది. ముఖంలో ముందు వెలుగొచ్చింది. ఆ వెలుగు నిమిషం కూడా నిలవలేదు.

"బానే ఉన్నాడత్తా," అంది. "ఫోను సెయ్యడానికి గొంతు నేదనుకున్నాను ఇన్నాల్లూ."

"తాతకేటి సెప్పమంటావు?"

అనిత వేలికి చుట్టుకున్న పుస్తెల తాడుని విప్పింది. బయట కూర్మయ్య "అయినాదేటమ్మా?" అని కేకేశాడు.

"నేడని సెప్పు," అంది అనిత.

యమున మిషన్లో చెరిపే మీట వెతికింది. ఈ డిస్కుకి గంగులు అంచు మీట జరపలేదు. చెరపమంటావా అని తెర మీద అక్షరాలు వెలిగాయి. ఆమె చెయ్యి ఆగింది. గొంతు చెరిపితే మనిషికేమవుతుందో ఎవరికీ తెలీదు. గంగులు గొంతున్న డిస్కు అంచున మీటని ఆమె ఎన్నోసార్లు వెనక్కి జరిపి, ఆ భయంతోనే మళ్ళీ ముందుకి జరిపేసింది. అనిత చెయ్యి చాపింది.

"నాను నొక్కుతానత్తా."

"వొద్దు. ఈ పాపం నాకుండనీ. నీకింకా సానా బతుకున్నాది."

నొక్కింది. డిస్కు కాసేపు తిరిగి ఏదో రాసుకుంది. ఏడో పాట పోయి, ఎనిమిదో పాట ఏడోది అయింది.

యమున తలుపు తీసింది. "ఏటీ నేదు మావా. వాడి గొంతు నేదు."

కూర్మయ్య ముందు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. భుజాలు దిగాయి, ముఖం తేటపడింది. ఏడవాలన్న సంగతి ఆయనకి ఆ తరవాత గుర్తొచ్చింది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మాఘంలో అనిత పెళ్ళయింది. విశాఖపట్నం వెళ్ళిపోయింది. వెంకీ రాలేదు. అతని కబురూ రాలేదు. ఉన్నాడో, ఆ మధ్యాహ్నమే లేకుండా పోయాడో యమునకి తెలియదు. ఎవర్నీ అడగలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆగుతుంది.

పెళ్ళైన వారానికి, రేవులో చేపల పాట అయ్యాక కూర్మయ్య ఆమె దగ్గరకి వచ్చాడు. మనవరాలి పెళ్ళికి కొన్న పొందూరు కండువా ఇంకా భుజం మీదే ఉంది.

"నీ మేలు మర్సిపోను తల్లీ. నీ సంగతి కూడా పెద్దలం ఆలోసిస్తన్నాం. ఇన్నేల్లయినాది, గంగులు ఇంక రాడు. నీకిష్టమైనోడెవడైనా ఉంటే అడ్డు సెప్పం."

యమునకి నలభై రెండేళ్ళు. కోటబొమ్మాళి కొట్లో గణపతిరావు కొడుకు ఈమధ్యే కౌంటరు మీద కూర్చుని బడి లెక్కలు చేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఆలోసించండి మావా," అంది. "తొందరేటున్నాది?"

కూర్మయ్య ఇంకేదో అనబోయాడు. ఆమె కవళ్ళ చేపల తట్ట ముందుకి లాగి, తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని కూర్చుంది.

"ఓ సెయ్యెయ్యి. ఆటో ఎలిపోతాది."

కులపెద్ద అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. వంగిన నడుం ఇంకా వంచి తట్ట పట్టుకుని ఎత్తాడు. అడుగునున్న చేపల నీళ్ళు జారి, పొందూరు కండువా మీదుగా ఆయన పొట్ట మీదకి కారాయి. యమున చూసింది. తుడుచుకోమని చెప్పకుండా లేచి, ఆటో దగ్గరకి నడిచింది.