శేషం రెండు

నేను ఒక సంఖ్యను. తొంభై తొమ్మిది వేల రెండువందల ఇరవై మూడు అంటారు నన్ను. ఒకటీ నేనూ తప్ప ఇంకే సంఖ్యా నన్ను శేషం లేకుండా భాగించలేదు. అలాంటివాళ్ళం ప్రధాన సంఖ్యలం. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడన్న సామెత మాకు సరిగ్గా సరిపోతుంది. మాలో అందరికన్నా పెద్దదంటూ ఏదీ లేదు. కోట్ల అంకెలున్న మావాళ్ళ కోసం కంప్యూటర్లు ఏళ్ళ తరబడి వెతుకుతాయట. ఆ వైభోగం నాకు పట్టలేదు. నన్ను పిఠాపురంలో ఒక ట్యూషన్ మాస్టారు పొరపాటున బోర్డెక్కించాడు.

గవర్రాజు మాస్టారికి లెక్కలంటే ప్రాణం, ఆటలంటే ఒళ్ళుమంట. ఆయన దగ్గర తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పించుకునే నూకరత్నానికి ఖోఖోయే లోకం. శనివారం కాకినాడలో జిల్లా జట్టుకి ఎంపికలు. పంపమంటారా అని తల్లి వచ్చి అడిగితే, ఈ సంఖ్యని రెండు కారణాంకాలుగా విడగొట్టి చూపిస్తే వెళ్ళొచ్చని ఆయన నన్ను రాశాడు. మాస్టారి మాట ఆ ఇంట్లో వేదం.

పిల్ల ఇంటిముందు నాపరాయి అరుగు మీద సుద్దముక్కతో కూర్చుంది. మూడు, ఏడు, పదకొండు, ఇలా మావాళ్ళనే నా మీదికి ఒక్కొక్కరిగా తోలింది. ఇరవై మూడు దగ్గర నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. నూట యాభై ఏడు దగ్గర ఇంకొక్కటి ఎక్కువున్నా నా పని అయిపోయేది. నేను తెగుతానేమోనని నాకు భయం, తెగనని ఆమెకి ఏడుపు.

మూడువందల పదిహేనుని దానితోనే గుణిస్తే నన్ను దాటిపోతుంది. కాబట్టి నాలో ముక్కలుంటే చిన్నది అంతకు లోపే దొరకాలి. ఆఖరున మిగిలింది మూడువందల పదమూడు. అక్కడా తెగలేదు, శేషం రెండు. సారిచ్చిన లెక్కకి జవాబుండదా, నువ్వే ఎక్కడో తప్పావంది తల్లి. మళ్ళీ మొదటినుంచీ చేసింది. నేను మారలేదు.

శనివారం పొద్దున సంచీ భుజాన వేసుకుని, ట్యూషన్ పిల్లలందరి మధ్యా మాస్టారి ముందు నిలబడింది.

"ఇది తెగట్లేదు సార్. మూడొందల పదమూడు దాకా చూశాను."

ఆయన నవ్వి, అక్కడే తెగుతుంది, బోర్డు మీద చెయ్యమన్నాడు. చేసింది. రెండు మిగిలింది. సుద్దముక్క లాక్కుని తనే చేశాడు. రెండే మిగిలింది.

లెక్క తయారుచేసేటప్పుడు, జవాబు చిట్టచివర దొరకాలని ఆయన మూడువందల పదిహేనుకి రెండు తక్కువదాన్నీ రెండు ఎక్కువదాన్నీ ఎంచుకున్నాడు. లబ్ధం కోసం మూడువందల పదిహేను వర్గంలోంచి రెండు వర్గం, అంటే నాలుగు తీసెయ్యాలి. ఆయన రెండే తీశాడు, నేను తేలాను. రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణిస్తే వర్గాల తేడా వస్తుందన్న ఆ సూత్రంలో రెండోదానికి వర్గం మరిచిన పిల్లలకి ఆయన చేతిలో ఎన్ని మొట్టికాయలు పడ్డాయో! ఇప్పుడు వాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. నీదే తప్పని ఒక్క మాటంటే చాలు, పిల్ల నోరెత్తదు, బస్సు వెళ్ళిపోతుంది. ఆయన సుద్దముక్క కిందపెట్టి ఆమె వైపు తిరిగాడు.

"తప్పు నాదేనమ్మా. రెండుకి వర్గం చెయ్యలేదు. నువ్వెళ్ళు, బస్సెళ్ళిపోద్ది."

అని తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

నూకరత్నం జట్టులో చోటు సంపాదించుకునే తిరిగొచ్చింది. అరుగు మీద సుద్ద వానకి పోయింది, బోర్డు మీద నన్ను ఎవరో తుడిచేశారు. తుడిస్తే పోయేదాన్ని కాను కనుక నాకేం బెంగలేదు. మాస్టారు ఇప్పటికీ ఆ సూత్రం చెబుతూనే ఉన్నాడు. ఎవరైనా వర్గం మరిచిపోతే ఆయన చెయ్యి పైకి లేస్తుంది, తన నెత్తి ఒకసారి తడుముకుంటుంది, మళ్ళీ సుద్దముక్క అందుకుంటుంది.