అంగుళం నీలి వెలుగు

నేను ఒక జత రెక్కలను. ఇనుప చువ్వలు వంచి, వాటికి నీలి దీపాల పట్టీలు చుట్టి, గంటస్తంభం కూడలిలో నిలబెట్టారు. నన్ను చేసిన వెల్డరు ఒక్కసారీ నా మధ్య నిలబడలేదు. మిగతా ఊరంతా నిలబడి ఫొటోలు దిగింది. రెక్కలు రాగానే మనుషులు ముందు చేసే పని కడుపు లోపలికి లాక్కోవడం. ఎగరాలని ఎవరూ చూడలేదు.

రైసుమిల్లులో బస్తాలు మోసే అప్పలస్వామికి ఫొటోలు గిట్టవు. ఒక సాయంత్రం అతని భార్య పైడమ్మే భుజం పట్టి నా మధ్యకు నెట్టింది.

"సూడండి, కోడిపుంజునాగున్నాడు" అంది.

అతను నోరంతా తెరిచి నవ్వాడు. తమ్ముడు సూరప్పడు ఆ నవ్వును ఫోనులో తీశాడు.

నాలుగు నెలలకు అప్పలస్వామి జ్వరంతో పోయాడు. పెద్దకర్మ నాడు నా ఎదుటి స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫొటోలోంచి తల మాత్రం కత్తిరించి, పోయినవాళ్లందరికీ తొడిగే నల్లకోటు, ఎర్ర టై అతనికీ తొడిగారు. బతికుండగా అతను చొక్కాకు పైబొత్తామైనా పెట్టుకోలేదు.

పైడమ్మ చాలాసేపు చూసింది. "ఈయనెవరు మరిదీ?"

"కోటు నేకపోతే పరువేటుంటాది వదినా?"

"నాకా పాత ఫొటో ఇప్పించు. ఆయన నవ్వింది అదొక్కటే."

సూరప్పడి ఫోను నీళ్లతొట్టిలో పడి పాడైపోయింది. ఫ్లెక్సీ షాపులోనూ పాతవన్నీ తుడిచేశారట.

అప్పటినుంచి ఆమె రోజూ సాయంత్రం నా పక్క గట్టుమీద కూర్చునేది. ఏడ్చేది కాదు. నాకూ ఏమీ అనిపించేది కాదు. స్విచ్చి వేస్తే వెలిగేదాన్ని, తీస్తే ఆరేదాన్ని.

ఒకరోజు ఆమె ఫ్లెక్సీ దగ్గరకు వెళ్లి అతని ఎడమ చెవి వెనక వేలు పెట్టింది. అక్కడ అంగుళం నీలి వెలుగు ఉంది. కత్తిరించినవాడు చూసుకోలేదు. అది నేనే.

మర్నాడు ఆమె కత్తెర తెచ్చుకుంది. సూరప్పడు స్తంభమెక్కి ఫ్లెక్సీ పైకట్లు విప్పాడు. ఆమె దాన్ని నేలమీద పరిచి, మెడ దగ్గర మొదలుపెట్టి చుట్టూ కత్తిరించింది. చెవి వెనక మాత్రం వెడల్పుగా తిప్పింది. కోటూ టైయ్యీ మరిదికిచ్చి, "పరువు నువ్వుంచుకో" అంది. ముఖాన్ని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లింది. మళ్లీ రాలేదు.

కూడలిలో ఇప్పుడు రంగుల ఫౌంటెన్ ఉంది. నేను మున్సిపాలిటీ షెడ్డు వెనక తుప్పు పడుతున్నాను. ఒక రెక్క విరిగింది. నొప్పేమీ లేదు. ఆ ముఖాన్ని ఆమె ఏ గోడకు పెట్టుకుందో నాకు తెలియదు. అక్కడున్న అంగుళానికి స్విచ్చి లేదు.