కోతల మేస్త్రి నేర్పిన మాట

మా సంఘంలో పాట ఎత్తుకునేది నేనే. గొంతు దేవుడిచ్చింది, గట్టిగా పాడే ధైర్యం మాత్రం నా సొంతం. ఆదివారం నేను పల్లవి అందుకుంటే వీధి చివర సైకిలు షాపులో పంక్చర్లు వేసేవాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు. మిగతా రోజుల్లో టైలరింగ్ షాపు నడుపుతాను. అక్కడ కూడా మిషన్ల చప్పుడు కన్నా నా గొంతే పైన ఉంటుందని నా దగ్గర పనిచేసే ఆడపిల్లలు చెప్పుకుంటారట. చెప్పుకోనివ్వండి, ఉన్నమాటేగా.

అలాంటి నా ఇంటికి, నా పాటలో ఒక్క అక్షరం కూడా వినపడని పిల్ల వచ్చి చేరింది. మా అక్క కూతురు. పుట్టుకతోనే చెవుడు. చిన్నప్పటి నుంచీ వినపడని పిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంది. చదువు పూర్తయ్యేసరికి మా అక్క లేదు. "దాన్ని నీ చేతుల్లో పెడుతున్నానే" అని అక్క పోయే ముందు అన్న మాట నా చెవిలో ఇంకా అలాగే ఉంది. వరసకి పిన్నినే అయినా ఇక తల్లినీ నేనే. అమ్మడూ అని పిలుస్తాను, దానికి వినపడకపోయినా సరే.

పనిలో దాని చెయ్యి బంగారం. మిషను మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టే ఎక్కడ నూనె కావాలో, ఏ సూది వంగిందో చెప్పేస్తుంది. మా ఇద్దరి మాటలూ బట్టలు కత్తిరించే బల్ల మీదే నడిచేవి. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో అది రాసేది, నేను రాసేదాన్ని. షాపు కట్టేసే ముందు ఆ రోజు మాట్లాడుకున్నదంతా తడిగుడ్డతో తుడిచేసేవాళ్ళం.

చర్చిలో ఆ బల్ల లేదు కదా. అందరూ లేస్తే అమ్మడూ లేచేది, కూర్చుంటే కూర్చునేది. మా సంఘంవాళ్ళు మంచివాళ్ళే. వచ్చి వందనాలు చెప్పేవాళ్ళు, బుగ్గ నిమిరేవాళ్ళు, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు షాపులో అమ్మడు బల్ల మీద ఇలా రాసింది: "పిన్నీ, ఇక చర్చికి రాను. అక్కడ కూర్చుంటే బస్సు రాని స్టాపులో కూర్చున్నట్టుంది. నాతో చదివినవాళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చేరారు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఖాళీ వచ్చినప్పుడు నన్నూ తీసుకెళ్తారట. వెళ్ళనా?"

ఆ సాయంత్రం నాకు ఆ బల్ల తుడవబుద్ధి కాలేదు. వద్దని ఏ ముఖంతో చెప్పను? మాట్లాడే మనిషి లేనిచోట ఎవరు మాత్రం ఎన్నాళ్ళు ఉంటారు? "ఒక్క ఆదివారం ఆగు" అని మాత్రం రాశాను.

మా చర్చిలో సాక్ష్యాల వేళ అని ఒకటుంది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఆ ఆదివారం నేను లేచాను.

"నాకివాళ సాక్ష్యం లేదు, తగువుంది," అన్నాను.

అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను ఆ గొంతుతో మొదలుపెడితే ఆయన చేసే మొదటి పని అది.

"సంఘమంతా ఒకటే శరీరం, మనమంతా అవయవాలం అని మీరు ఎన్నిసార్లు చెప్పుంటారండీ? మరి మా పిల్ల ఇందులో ఏమవుతుంది? కాలా, చెయ్యా? అదొచ్చి ఇక్కడ కూర్చుంటే దానికి మనం ఇచ్చిందేంటి, బెంచీ తప్ప?"

చివరి వరసలోంచి ఒక గొంతు లేచింది. "ఆ చేతుల భాష నాకొచ్చు."

జనం ఒక్కసారిగా నిట్టూర్చారు. ఎందుకంటే ఆ లేచినవాడు కోతల మేస్త్రి. వృత్తి వడ్రంగం. చెక్కను ఎంత కోస్తాడో మాటలూ అంతే కోస్తాడు. గాలివానకి ఇల్లంతా కూలినా తను చేసిన తలుపు మాత్రం గడియ పెట్టినట్టే నిలబడిందని ఇప్పటికీ చెబుతాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ ఎప్పుడో రంపం మిషను తీసుకుంది. దాని గురించీ రకరకాల కథలున్నాయి, ఒకదానికొకటి పొంతన ఉండదు.

"ఇదీ ఆ తలుపు లాంటిదేనా మేస్త్రీ?" అన్నాను.

"మా తమ్ముడికి వినపడేది కాదమ్మా," అన్నాడాయన. ఆ గొంతులో కోతలు లేవు. "వాడూ నేనూ ఆ మాటల్లోనే పెరిగాం. వాడు పోయాక మాట్లాడేందుకు మనిషి లేక ఊరుకున్నాను."

నేరుగా వచ్చి అమ్మడి ముందు నిలబడి చేతులు కదిపాడు. ఏమన్నాడో నాకు తెలీదు. పిల్ల ముఖం మాత్రం నేను చూశాను. ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ దాని చేతుల్లోంచి ఒక్కసారిగా పొంగుకొచ్చాయి. మేస్త్రి నెమ్మది, నెమ్మది అని బతిమాలుతున్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను. అందరూ చూశారు, చూస్తే చూశారు.

ఆ రోజు నుంచీ ఆరాధన అయిపోగానే సంఘమంతా మేస్త్రి షాపులో చేరేది. కొత్తగా చిత్రికపట్టిన చెక్కల వాసన మధ్య, సగం చేసిన కుర్చీల మీద, కాళ్ళు బిగించని మంచాల మీద కూర్చుని సైగలు నేర్చుకున్నాం. అయ్యగారు కూడా వచ్చి రంపపు పొట్టులోనే చతికిలపడేవారు. శిష్యులకి పని నేర్పేటప్పుడు మేస్త్రిది ఒకటే పద్ధతి: నా చెయ్యి చూడు, అలాగే చెయ్యి, అడక్కు. మాకూ అదే పాఠం. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆయన. "ఇది ఇలాగేనా మేస్త్రీ?" అని ఎవరైనా అడిగితే, "నా దగ్గర నేర్చుకుంటే తిరుగుండదు, నోరు మూసుకుని చెయ్యి కదపండి," అనేవాడు.

ఎవరి చేతనైంది వాళ్ళు తెచ్చారు. మా ఎలక్ట్రీషియన్ చర్చిలో లైటు జరిపి, ప్రసంగాన్ని సైగల్లో చెప్పే మేస్త్రి చేతుల మీద వెలుగు పడేలా పెట్టాడు. పువ్వుల చొక్కా మీద సైగలు తెలియడం లేదని నేను మేస్త్రికి ముదురు రంగు సాదా చొక్కాలు కుట్టాను. అయ్యగారు ప్రసంగం నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెప్పడం నేర్చుకున్నారు. ఆ దెబ్బతో ప్రసంగం సగానికి సగం తగ్గింది. ఈ మేలుకి సాక్ష్యం చెప్పనివాళ్ళు లేరు.

అందరికన్నా లాభపడింది మా పాత కండక్టరు. బస్సుల్లో టిక్కెట్లు కొట్టీ కొట్టీ ఉద్యోగం అయిపోయేసరికి ఆయన వినికిడీ అయిపోయింది. పక్కవాళ్ళ పెదాలు కదిలితే ఏదో అన్నారనుకుని ఆమెన్ అనేవాడు. ఎవరో పోయారని అయ్యగారు ప్రకటిస్తే కూడా "ఆమెన్, హల్లెలూయ" అన్న ఘనత ఉంది. అమ్మడు ఆయన పక్కన చేరింది. మేస్త్రి సైగల్ని ఆయన ఒళ్ళో మళ్ళీ మెల్లగా చేసి చూపించేది, తప్పితే మోకాలి మీద తట్టేది. ముసలాయన చేతులు వణుకుతాయి, వేళ్ళు మాట వినవు. అయినా వదల్లేదు. ఇంట్లో మూగనోము పట్టినట్టు గడిపే మనిషి, ఆదివారం వస్తే అమ్మడితో చేతులు తిప్పుతూ బస్సు కబుర్లు చెప్పేవాడు. కొన్నాళ్ళకి ఆ పిల్ల మా సంఘానికి తలలో నాలుకైంది. చర్చికి రానన్న మాట మళ్ళీ బల్ల మీద రాయలేదు. కానీ ఫ్యాక్టరీ సంగతి కూడా కొట్టేయలేదు, నేనూ అడగలేదు.

ఉన్నట్టుండి ఒక శనివారం దాని స్నేహితురాళ్ళు ఇద్దరు వచ్చి తలుపు కొట్టారు. ఫ్యాక్టరీలో ఖాళీ వచ్చిందట. ఉండటానికి గదీ ఇస్తారట. సోమవారానికల్లా చేరాలట. ముగ్గురి చేతులూ గాలిలో ఎంత వేగంగా కదిలాయంటే, ఇన్నాళ్ళు నేర్చుకున్న నాకు అందులో ముక్క అర్థం కాలేదు. అమ్మడు వెలిగిపోతోంది. ఉండమని నేను అడగలేదు. మాట వినపడని పిల్లని మాటతో కట్టేయడం ఏం న్యాయం? కొత్త జత బట్టలు తీసి, ప్రయాణానికి పనికొస్తాయని దాని సంచిలో పెట్టాను. సంచి మూసి వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా గిన్నెలన్నీ మళ్ళీ కడిగాను.

మర్నాడు స్నేహితురాళ్ళనీ చర్చికి తీసుకొచ్చింది. నేను పాట ఎత్తుకున్నాను. సంఘమంతా ఒక్కసారిగా చేతులెత్తి సైగల్లో కూడా పాడుతుంటే గర్వంతో నా ఛాతీ పొంగింది. చూడండమ్మా, మా పిల్ల కోసం ఊరంతా ఏం నేర్చుకుందో చూడండి అనుకున్నాను. వాళ్ళు చూశారు. కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. తర్వాత ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో అమ్మాయి భుజాలు కదిలిపోతున్నాయి. నవ్వుతున్నారు!

నా పాట తడబడింది. మొదటమ్మాయి తన చెయ్యెత్తి, ఉంగరపు వేలూ చిటికెన వేలూ మడిచి రెండో అమ్మాయికి చూపించింది. అప్పుడు నాకూ కనపడింది. అయ్యగారి కుడిచేతికి చివరి రెండు వేళ్ళూ మడిచి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌కీ అంతే. ఆయన భార్య, మా అమ్మగారికీ అంతే. పైకెత్తిన నా చెయ్యి చూసుకున్నాను, నాకూ అంతే. నా చెయ్యి చూడు, అలాగే చెయ్యి అన్నాడు కదా, మక్కీకి మక్కీ దించేశాం. ఏళ్ళ తరబడి చూసీ చూసీ ఆ చేతికి రెండు వేళ్ళు లేవన్న సంగతే మాకు తట్టలేదు. ఆయనకీ తట్టినట్టు లేదు.

ఇప్పుడు తట్టింది. వెలుగులో నిలబడ్డ మేస్త్రి ఆ అమ్మాయిల చేతులు చూశాడు, సంఘం చేతులు చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు. ఆ చేతిని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. పాట అయిపోయాక, "నేను తప్పు నేర్పానండీ," అన్నాడు. "ఇక ఈ పని చెయ్యను." మైకు పక్కన తల దించుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తే, గాలివాన తలుపు కథ మళ్ళీ చెప్పినా వింటాననిపించింది.

జరిగింది అమ్మడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అది లేచి ముందుకొచ్చింది. సాక్ష్యం చెబుతానని సైగ చేసింది. ఇన్నాళ్ళలో అది సాక్ష్యం చెప్పడం అదే మొదలు. ఆ సైగల్ని పైకి చెప్పాల్సిన మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. నా వంక చూశాడు. సరే, గొంతు పని నాదేగా. మైకు అందుకున్నాను.

పిల్ల చెయ్యెత్తింది. చివరి రెండు వేళ్ళూ మడిచింది. స్నేహితురాళ్ళతో గాలి వేగంతో మాట్లాడే పిల్ల, మా అందరికీ అందేంత నెమ్మదిగా మొదలుపెట్టింది. ఆ మాటలు దాని చేతుల్లోంచి తీసుకుని నేను పైకి చెప్పాను.

"మా వాళ్ళు నవ్వారు. మొదటి రోజు నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక దిండులో ముఖం పెట్టుకుని నవ్వాను. వేళ్ళు తెరవండి అని చెబుదామనుకున్నాను. కానీ కండక్టరు తాతగారికి ఆ రెండు వేళ్ళూ మడత పడవు. నాతో తప్పు మాట్లాడకూడదని వాటికి రబ్బరు బ్యాండు వేసుకుని వచ్చారు. అది చూశాక చెప్పలేదు."

కండక్టరు తన చెయ్యి ఎత్తి చూపించాడు. టిక్కెట్ల కట్టకి వేసే రబ్బరు బ్యాండు ఆయన వేళ్ళకి ఉంది.

"హాస్టల్లో అందరికీ చెవుడే, అందుకే అందరూ నేర్చుకున్నారు. మీ అందరికీ వినపడుతుంది. మీకు ఏ అవసరమూ లేదు. నా కోసం నేర్చుకున్నారు. మాట తీరును బట్టి మనిషిది ఏ ఊరో చెప్పేస్తారట, పిన్ని అంటుంటుంది. నాకు ఇన్నాళ్ళూ ఏ ఊరి మాటా లేదు. ఇప్పుడుంది." మడిచిన చేతిని స్నేహితురాళ్ళ వైపు ఎత్తి పట్టుకుంది. "ఇది మా ఇంటి మాట. నేను రాను."

ఆ చివరి మాట నేను మైకులో రెండుసార్లు చెప్పాను.

స్నేహితురాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వినపడనివాళ్ళు చప్పట్లు కొట్టరు, చేతులు పైకెత్తి ఆడిస్తారు. ఇద్దరూ లేచి చేతులెత్తి ఆడించారు. కుడిచేతికి చివరి రెండు వేళ్ళూ మడిచే ఉన్నాయి. మేస్త్రి ముక్కు తుడుచుకుని, జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. "నేను ముందే చెప్పలేదూ? నా దగ్గర నేర్చుకుంటే తిరుగుండదని!" అన్నాడు. చర్చి అంతా గొల్లుమంది.

అయ్యగారు ముగింపు పాట పాడమన్నారు. నేను నోరు తెరిచాను, గొంతు పూడుకుపోయింది. నా జీవితంలో పాట రాకపోవడం అదే మొదలు. అమ్మడు నా ముఖం చూసింది, సంగతి దానికి అర్థమైంది. నా పక్కకొచ్చి నిలబడి, చెయ్యెత్తి పల్లవి అదే అందుకుంది. వెనకే సంఘమంతా అందుకుంది. చప్పుడు లేదు, ఫ్యాను తిరుగుతున్న శబ్దం ఒక్కటే. ఇంత బాగా మేమెప్పుడూ పాడలేదు.

పాట పూర్తయ్యాక ఒక్క గొంతు మాత్రం ఆమెన్ అంది. అది పాత కండక్టరుది. ఈసారి సరిగ్గా అనాల్సిన చోటే అన్నాడు.